గరిటెమ్మ మింగిన ఎరుపు

పెద్ద బాణలి నిండా కాగిన టమాటా గుజ్జును అడుగంటనీయకుండా, ఒక్క నల్ల చుక్క పడనీయకుండా దించి, ఎవరినీ మెచ్చుకోని ముసలి మేస్త్రీ చేత "ఊఁ, పనికొస్తుంది" అనిపించుకోవడం గరిటెమ్మ జీవితంలో మొదటి గెలుపు. అది ఊరికే రాలేదు. అంతకు ముందు ఆమె మాడ్చిన గుజ్జంతా మురుగుకాల్వ పాలయింది. తెడ్డు తిప్పి తిప్పి భుజాలు పడిపోయాయి. కుతకుతలాడే గుజ్జు చిట్లి పడిన మచ్చలు ఆమె ముంజేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆడమనిషి ఆవిరి బాణలి ముందు నిలబడటమేమిటని ముక్కున వేలేసుకున్న వాళ్లే ఆ రోజు తరవాత ఆమె చేతికి గరిటె ఇచ్చారు. ఆ టమాటా గుజ్జు ఫ్యాక్టరీలో గరిటె అంటే చిన్న మాట కాదు. ఏ బాణలి ఎప్పుడు దించాలో రుచి చూసి చెప్పే మనిషి చేతిలోనే అది ఉంటుంది. అసలు పేరు హాజరుపట్టీలో ఉండిపోయింది. మనుషుల నోట ఆమె గరిటెమ్మ అయిపోయింది.

ఆ తరవాత ఆమె చేసినవి చెప్పుకుంటూ పోతే ఒక పూటలో తేలవు. వానకు నాని నీళ్లోడుతున్న కాయలతో గరిటె నిలబడేంత చిక్కటి గుజ్జు తీసింది. బాణలి సగం ఉడుకులో ఉండగా బాయిలరు చల్లబడితే, పక్క బాణలి నుంచి వేడి గుజ్జు బకెట్లతో మోయించి, దాన్ని దీన్లో కలిపి సరుకంతా నిలబెట్టింది. గింజలు నలిగి చేదెక్కిన గుజ్జును డబ్బాల్లోకి పోబోయే ముందు ఆపింది. ఇప్పుడు తెడ్లు పట్టిన వాళ్లలో సగం మంది ఆమె తిట్లు తిని పని నేర్చుకున్నవాళ్లే. వాళ్ల పిల్లల పెళ్లిళ్లలో ఆమెకు ముందు వరసలో కుర్చీ వేస్తారు. అలాంటి మనిషి ఇప్పుడు పొద్దస్తమానం మేడమెట్ల మీద కూర్చుని, తన అరచేతులు తానే తిప్పి తిప్పి చూసుకుంటోంది.

అరచేతులు నారింజ రంగులో ఉన్నాయి. అరికాళ్లూ అంతే. బుగ్గల మీద, ముక్కు పక్కల కూడా ఆ ఛాయ దిగింది. ఎండలో కూర్చుంటే పాత రాగి గిన్నెలా కనిపిస్తోంది.

మొదట పసిగట్టింది ఆమె భర్త. ఆయన దర్జీ. ఇంటి కిందనే కొట్టు. గోడకు కొట్టిన చెక్కల మీద దారపు రీళ్లు రంగుల వరసలో పేర్చి ఉంటాయి. ఏ గుడ్డ తెచ్చినా దానికి సరిపోయే రీలు చూడకుండా తీస్తాడు. టమాటా మొదటి కోత ముగిసి ఫ్యాక్టరీ శుభ్రం చేయడానికి మూసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె టీ గ్లాసు అందిస్తుంటే చెయ్యి పట్టుకుని ఆగిపోయాడు.

"ఇదేంటే, ఈ రంగు? నీది మొదట్నించీ గోధుమరంగు దారం కదా."

"చెయ్యి వదలండి, టీ ఒలుకుతుంది. ఆవిరి దగ్గర పని, రంగు మారదా?"

"ఆవిరికి నల్లబడతారు గానీ నారింజపండవుతారా?" అని ఆయన రీళ్ల దగ్గరికి లాక్కెళ్లి, ఆమె అరచేతిని ఒక్కొక్క రీలు పక్కన పెట్టి చూశాడు. గోధుమరంగుకూ దానికీ మధ్య రెండు రీళ్లున్నాయి.

ఆమె నవ్వి కొట్టిపారేసింది. రెండో కోతకు ముందు జరిగే ఆరోగ్య పరీక్షలో మాత్రం నవ్వలేకపోయింది. కంపెనీ పంపిన నర్సు చేతులు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "కామెర్లు" అంది. ఆ మాట హాలంతా పాకింది. తినే వస్తువు తయారుచేసే చోట కామెర్ల మనిషి ఉండకూడదు. ఏప్రాను, టోపీ, బూట్లు అక్కడే విప్పించుకుని, వెనక గుమ్మం నుంచి ఇంటికి పంపించారు. ఇన్నేళ్లలో ఆమె ఆ గుమ్మం నుంచి బయటికి రావడం అదే మొదలు. చెత్త బళ్లు వెళ్లే గుమ్మం అది.

ఆస్పత్రిలో లేడీ డాక్టరు ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టి, కింది రెప్పలు లాగి చూసింది. రక్తం తీయించింది. కాయితాలు చేతికొచ్చాక కుర్చీలో వెనక్కి వాలింది.

"కామెర్లు కావమ్మా. కామెర్లయితే ముందు కళ్లు పచ్చబడాలి. మీ కళ్లు తెల్లగా ఉన్నాయి. కాలేయం కూడా బాగానే పనిచేస్తోంది. ఇంతకీ టమాటా ఎంత తింటారు మీరు?"

"ఇంట్లో దాని మొహం కూడా చూడనమ్మా. రోజంతా దాంతోనేగా కాపరం."

"ఫ్యాక్టరీలో?"

గరిటెమ్మ అప్పుడు చెప్పింది.

రుచి చూసేవాళ్లకు అక్కడ ఒక పద్ధతుంది. మరిగి చిక్కబడిన గుజ్జు పులుపు నోటిని పొక్కించేస్తుంది. అందుకని ముందు నాలుక మీద నూనె వేసుకుని, ఆ మీదట చెంచాడు గుజ్జు పెట్టుకుంటారు. రుచి తెలిశాక స్తంభం పక్కన ఉన్న తొట్టిలో ఉమ్మేస్తారు. ముసలి మేస్త్రీ అలాగే నేర్పాడు, ఆమె అలాగే చేసింది, తన దగ్గర నేర్చుకున్న వాళ్లకూ అదే చెప్పింది. ఈ ఏడు కొత్త మేనేజరు వచ్చి శుభ్రత పేరుతో ఆ తొట్టి తీయించాడు. ఉమ్మాలంటే టోపీ, ఏప్రాను, బూట్లు తీసి, నడవా చివరకు వెళ్లి, కడుక్కుని, మళ్లీ అన్నీ తొడుక్కుని రావాలి. గుజ్జు దించే అదనులో బాణలిని వదిలి పోవడమంటే తెలిసి తెలిసి మాడ్చడమే. ఆమె అసలు బాణలి వదిలే మనిషి కాదు. అందుకని మింగేసింది. కోత మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా, ప్రతి బాణలికీ నాలుగైదు చెంచాలు, నూనెతో సహా మింగుతూనే ఉంది.

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఈ రంగు ఒంటికి పట్టించాలని ఎవరైనా పనిగట్టుకుని కూర్చున్నా ఇంతకంటే మంచి దారి దొరకదమ్మా."

"ఎగతాళి చేయకండమ్మా. ఒంట్లో శక్తి లేదు."

"ఎగతాళి కాదు, వినండి. టమాటా ఎరుపును లైకోపీన్ అంటారు. ఉడకని కాయలో అది చిన్న చిన్న గదుల్లో మూసిపెట్టి ఉంటుంది. పచ్చిగా కోసుకుని తింటే ఆ గదుల్లో చాలా మటుకు తెరుచుకోవు. వచ్చిన ఎరుపు వచ్చినట్టే కిందికి పోతుంది."

"మా ఆయన రోజూ పచ్చిదే ఉప్పద్దుకుని తింటాడు. ఆయనకేం కాలేదు."

"అదే మరి. మీరు ఉడికిస్తారు. వేడికి గదుల గోడలు పగులుతాయి. పైగా ఎరుపు ఆకారం కూడా కొంచెం మారి, ఒళ్లు సులువుగా పట్టుకునేట్టు తయారవుతుంది. ఇక రెండోది, నూనె. కూర పెట్టిన ప్లాస్టిక్ డబ్బాకు ఎర్రటి మరక పడితే వట్టి నీళ్లతో పోతుందా?"

"ఎక్కడ పోతుంది? తల ప్రాణం తోకకొస్తుంది."

"నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అంటే లోపలికి పోవడానికి దానికి నూనె బండి కావాలి. మీరు బండి ముందే కట్టి ఉంచుతున్నారు. నూనె కడుపులోంచి చిన్నపేగులోకి దిగగానే పైత్యరసం వచ్చి దాన్ని కంటికి కనపడనంత చిన్న బొట్లుగా విడగొడుతుంది. ఎరుపు ఆ బొట్లలో ఎక్కి పేగు గోడ దాటుతుంది. గోడలో ఒళ్లు దాన్ని కొవ్వుతో కలిపి మూటలు కడుతుంది. ఆ మూటలు నేరుగా రక్తంలోకి రావు. పాలలాంటి ద్రవం పారే వేరే గొట్టాలున్నాయి. వాటి వెంట చుట్టు తిరిగి వచ్చి రక్తంలో పడతాయి. చివరికి కాలేయం చేరతాయి. కాలేయం కొంత దాచుకుని, మిగిలింది మళ్లీ మూటగట్టి ఒళ్లంతా పంచుతుంది."

"మరి చేతులకెందుకు పంచింది తల్లీ? కడుపులోనే దాచుకోవచ్చుగా."

"మామూలుగా తిన్నదాంట్లో ఒంటికి పట్టేది కొంచెమే. అది వస్తూ పోతూ ఉంటుంది, బయటికి తెలియదు. మీరు పోసినట్టు రోజూ పోస్తే పోయేదాని కంటే వచ్చేది ఎక్కువవుతుంది. మిగిలింది కొవ్వులోకీ చర్మంలోకీ చేరుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం మందం కదా, అక్కడ ముందు కనిపిస్తుంది. ప్రమాదమేమీ లేదు. మందు కూడా లేదు. టమాటా మానేయండి. కొత్తది రాకపోతే పాతది మెల్లగా కరిగిపోతుంది."

"మెల్లగా అంటే?"

"ఒంటికి తొందర ఉండదమ్మా. వారాలు పట్టొచ్చు. ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు."

ఒంటికి లేని తొందర ఫ్యాక్టరీకి ఉంది. డాక్టరు ఇచ్చిన కాయితం పట్టుకుని ఆమె మేనేజరు గదికి వెళ్లింది. మేనేజరు కాయితం శ్రద్ధగానే చదివాడు.

"డాక్టరు మాట నేను కాదనడం లేదమ్మా. కానీ సరుకు కొనేవాళ్లు వచ్చి హాలంతా తిరుగుతారు. బాణలి దగ్గర ఈ రంగు మనిషి కనిపిస్తే ఈ కాయితం అందరికీ చూపిస్తూ తిరగలేను కదా. రంగు దిగాక రండి. రెండో కోత మొదటి బాణలి ఎక్కేలోగా దిగితే గరిటె మీదే."

"దిగకపోతే?"

"పొడుగాయన పడతాడు. మీకు తెలిసిందేగా. కోత మొదట్లో గరిటె ఎవరి చేతిలో ఉంటే చివరిదాకా వాళ్లదే."

ఆ కట్టుబాటు ఆమె పెట్టిందే. చేతులు మారితే రుచి మారుతుందని ఒకప్పుడు పోట్లాడి మరీ పెట్టించింది. పొడుగాయన కూడా ఆమె దగ్గర నేర్చుకున్నవాడే. తన వయసుకు ఒక కోత పోగొట్టుకుంటే మళ్లీ పిలిచేవాళ్లుండరని ఆమెకు తెలుసు. అలా కుర్చీలో కూర్చోబెట్టి పంపించిన పెద్దవాళ్లను ఆమె చాలామందినే చూసింది. వాళ్లకు సెలవు చెప్పిన సభల్లో చప్పట్లు కూడా కొట్టింది.

ఇంట్లో టమాటా మాట ఎత్తొద్దని భర్త చెవిన ఇల్లు కట్టుకుని పోరాడు. సీజను చివర కంపెనీ ఇచ్చిన గుజ్జు డబ్బాలను గోనెసంచిలో కట్టి ఇరుగుపొరుగుకు పంచేశాడు. ప్రతి ఆదివారం ఆమెను రీళ్ల ముందు నిలబెట్టి చెయ్యి పెట్టమనేవాడు.

పని లేకపోతే ఒళ్లు సుఖపడుతుందని అంటారు. ఆమెకు మాత్రం ఇన్నాళ్లూ బాణలి ముందు నిలబడి దాచుకున్న అలసటంతా ఒక్కసారిగా మీద పడింది. లేస్తే మోకాళ్లు, కూర్చుంటే నడుము. జుట్టుకు అంటుకున్న గుజ్జు వాసన ఎన్నిసార్లు తలంటుకున్నా పోలేదు. తెల్లవారుతూనే మెలకువ వచ్చేది. ఎక్కడికీ వెళ్లనక్కర్లేదని గుర్తొచ్చి మళ్లీ కళ్లు మూసుకునేది. నిద్ర మాత్రం వచ్చేది కాదు. మధ్యాహ్నం ఎండ పెరిగాక మెట్ల మీదికి వచ్చి కూర్చునేది. మూల మీద పుచ్చకాయల బండివాడు ఉండేవాడు. ఒంట్లో వేడి దిగాలంటే పుచ్చకాయ మంచిదని ఎదురింటావిడ చెప్పింది. ఆకలి లేని మనిషికి ఆ చల్లదనం హాయిగా ఉండేది. భోజనమయ్యాక పెద్ద పళ్లెం నిండా ఎర్రటి ముక్కలు కోసిచ్చి, "తిను, ఒళ్లు చల్లబడుతుంది" అనేవాడు భర్త. ఆమె తినేది. గింజలు మెట్ల కింద ఉమ్మేది. "ఇక్కడ ఉమ్మడానికి ఏ మేనేజరూ అడ్డం రాడు" అని ఆయన నవ్వించబోయేవాడు.

వారాలు గడిచాయి. రీలు మారలేదు.

"చెయ్యి సరిగా పెట్టు" అని ఆయన విసుక్కునేవాడు.

"పెట్టాను. మీ దారమే వెలిసిపోయిందేమో చూడండి."

"దారం వెలిస్తే నీ చెయ్యి ఇంకా ముదురుగా కనపడాలే."

ఇద్దరూ నవ్వడానికి చూసి ఊరుకున్నారు.

రెండో కోత మొదటి బాణలి ఎక్కిన రోజు సాయంత్రం ఫ్యాక్టరీలో బాయిలరు చూసే ఆయన వచ్చాడు. ఫ్యాక్టరీలో అందరికీ బాయిలరు బావ. గరిటెమ్మ ఒక్కతే తమ్ముడంటుంది. మెట్టు మీద చతికిలబడి, ఆమె మొహంలోకి చూడకుండా చెప్పులు సర్దుకున్నాడు.

"చెప్పరా తమ్ముడూ. చెప్పులతో ఎంతసేపు మాట్లాడతావు?"

"దించేశారక్కా."

"పొడుగాయనేనా?"

"ఆయనే."

"అడుగంటిందా?"

"లేదక్కా."

"నల్ల చుక్క?"

"వెతికాను. లేదు." బావ మళ్లీ చెప్పులు సర్దుకున్నాడు. "బాగానే దించాడక్కా."

పాడుచేశాడంటే ఆమె తిట్టుకుని తేలికపడేదేమో. అదీ లేదు. "నేర్పింది నేనేగా, బాగా దించక ఛస్తాడా" అని చివరికి అంది. గొంతులో గర్వం లేకపోలేదు. కానీ దాన్ని మోసే ఓపిక లేదు. పుచ్చకాయ పళ్లెం బావ ముందుకు జరిపింది. "తిను."

బావ ఒక ముక్క కొరికి, దాన్ని ఎత్తి పట్టుకుని చూశాడు. "ఇది కూడా మన గుజ్జు రంగే కదక్కా. ఇది తింటే ఏం కాదా?"

"పచ్చిదిరా. ఉడికిస్తేనే పడుతుందని డాక్టరమ్మ చెప్పింది."

అన్నాక తనకే అనుమానం తగిలింది. మర్నాడు భర్తను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరు రెండు చేతులూ చూసి, ఏం తింటున్నారని అడిగింది. పుచ్చకాయ మాట వినగానే తల పట్టుకుంది.

"అయ్యో, అడగాల్సింది నేను. అదీ లైకోపీనేనమ్మా. టమాటాలో అయితే గట్టి గదుల్లో ఉంటుంది. పుచ్చకాయలో ఆ ఎరుపు ఉడికించకుండానే ఒంటికి దొరుకుతుంది. భోజనంలో కాస్త నూనె ఉండనే ఉంటుంది కదా. అందుకే దిగలేదు. ఒక గుమ్మం మూసి ఇంకో గుమ్మం తెరిచి పెట్టారు."

"ఒళ్లు చల్లబడుతుందని నేనే కోసిచ్చానండీ" అన్నాడు దర్జీ. "రోజూ కోసిచ్చాను."

"ఊరుకోండి" అంది గరిటెమ్మ. "మీరు ప్రేమగా కోసిస్తే నేను లొట్టలు వేసుకుంటూ తిన్నాను. ఇద్దరం కలిసి వండిన రంగు ఇది."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆమెకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ మిగిలి ఉండాలి. కావలసిన కోత చేజారిపోయింది. దానికి కారణం మేనేజరూ కాదు, రోగమూ కాదు. ఒక తొట్టి, ఒక పళ్లెం. ఎవరిని తిట్టాలో తెలియని ఆ స్థితిలో ఆమె మెట్లు ఎక్కలేక సగంలో కూర్చుండిపోయింది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. కింద బండివాడు కొత్త కాయ కోసి, ఎర్రగా ఉందని కేక వేస్తున్నాడు.

అప్పటి నుంచి ఇంట్లోకి ఎర్రటిదేదీ రాలేదు. ఎర్ర జామ కూడా వద్దని డాక్టరు ఈసారి ముందే చెప్పింది. ఆయన అరటిపళ్లు తెచ్చేవాడు. తొక్క తీసేటప్పుడు లోపల ఏ రంగు ఉందోనని తొంగి చూసి మరీ ఇచ్చేవాడు. మూడో ఆదివారానికి చెయ్యి ఒక రీలు దిగింది. ఆయన నమ్మలేక గుమ్మంలోకి, వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ చూశాడు. దిగింది. మొన్న మొన్నటిదాకా ఎరుపును మూటగట్టి దాచుకున్న ఒళ్లే ఇప్పుడు ఎవరికీ చెప్పకుండా దాన్ని కొంచెం కొంచెంగా వదిలేస్తోంది. పాత చర్మం రాలుతోంది, లోపలిది కరుగుతోంది. ఆమె చేయగలిగిందేమీ లేదు, కొత్తది పోయకుండా ఉండటం తప్ప.

ఆ వారంలోనే ఆమె మళ్లీ మేనేజరు గదికి వెళ్లింది. ముందు గుమ్మం నుంచే వెళ్లింది.

"రెండో కోత పొడుగాయనది. దాని జోలికి నేను రాను. కట్టుబాటు నాదే" అంది. "చివరి కోత ఎవరికిచ్చారు?"

మేనేజరు తలెత్తి చూశాడు. చివరి కోత ఎవరూ అడగరు. చలికి తోటలు వాడిపోయేటప్పుడు ఏరే కాయలు నీరసంగా, పాలిపోయి, నీళ్లోడుతూ ఉంటాయి. ఎంత మరిగించినా చిక్కబడవు. తెడ్డు తిప్పేవాడి రెక్కలు విరుగుతాయి, పేరు మాత్రం రాదు.

"దానికి ఇంకా ఎవరినీ అనుకోలేదమ్మా. అది మీకెందుకు? మీ వయసుకు..."

"నా వయసు సంగతి నేను చూసుకుంటాను. అప్పటికి రంగు దిగుతుంది. ఒక్కటే అడుగుతున్నాను. స్తంభం పక్కన తొట్టి పెట్టించండి."

"శుభ్రత నియమాలకు..."

"మూతున్నది పెట్టించండి, కాలితో తొక్కితే తెరుచుకునేది. ఆస్పత్రిలో అలాంటిదే ఉంది, చూసి వచ్చాను. ఒక్కొక్క బాణలి దించాక కడిగిస్తాను. ఉమ్మే చోటు లేకపోతే పొడుగాయన కూడా మింగుతాడు. మింగుతున్నాడేమో ఇప్పుడే వెళ్లి ఆయన చేతులు చూడండి."

మేనేజరు కిటికీ అద్దంలోంచి హాలు వైపు చూశాడు. పొడుగాయన చేతులకు తొడుగులున్నాయి, రంగు కనపడలేదు. "తొట్టి పెట్టిస్తాను" అన్నాడు. "మీరు వచ్చే ముందు ఒకసారి డాక్టరు కాయితం తెండి. నియమం కదా."

"తెస్తాను."

ఇంటికి వచ్చి, చివరి కోత మొదలయ్యే తేదీతో సహా చెబితే దర్జీ లేచాడు. గుడ్డ కత్తిరించే బల్ల మీద ఉన్న సుద్దముక్క తీసుకుని, రీళ్ల చెక్కల పక్కన, గోధుమరంగు రీలుకు సరిగ్గా ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాడు. గరిటెమ్మ స్టూలు మీద కూర్చుని, మోకాళ్లు రుద్దుకుంటూ దాన్ని చదివింది: నవంబరు పదకొండు, పొద్దున మొదటి బాణలి.